పటేల్‌గూడ గిటారుకు టేకు మాసికలు

రాజ్యాల కోసం జరిగిన యుద్ధాలకు చరిత్రకారులున్నారు. 1974లో పటేల్‌గూడ క్రైస్తవ సంఘాన్ని రెండుగా చీల్చిన గిటారుకు మాత్రం ఎవరూ దొరకలేదు. బడిపంతులు సుందర్‌రాజు దానిని ఆరాధనలో ప్రవేశపెట్టాడు. సంఘపెద్ద సత్యానందం గారిది హార్మోనియం పక్షం. ఇట్టి ఉద్రిక్త సమయాన, ఒక బుధవారం కాజీపల్లి దారిలో ఆ గిటారు సైకిలు మీదినుంచి రాళ్లపై పడింది. వీపున రెండు చిల్లులు పడ్డాయి.

"ఆదివారం కోతపండుగకు అది మోగకుంటే, ఇగ ఎన్నటికీ హార్మోనియమే" అని సత్యానందం గారు మిక్కిలి విచారంతో, అంతకు మించిన సంతోషంతో ప్రకటించారు.

పొరుగింటి సాదుల్లా పెద్ద కర్మాగారంలో ఇనుప పోతలకు చెక్క నమూనాలు చేసే ఘనుడు. సుందర్‌రాజు అతణ్ణి శరణు వేడాడు.

"తోపు గిట్ల పేల్చిన్రా ఏంది సారూ?" అంటూ సాదుల్లా చిల్లుల అంచులను చక్కగా నలుచదరంగా కోశాడు. "కొలతలు రాసియ్యుండ్రి. దీన్ని పట్టుకొని ఫ్యాక్టరీ గేటు కాడికి పోతే నన్ను బాజావాళ్లల్ల కలుపుతరు."

సుందర్‌రాజు బడి స్కేలుతో కొలిచి చీటీ రాసిచ్చాడు. శనివారం సాయంత్రం పలుచని టేకు మాసికలు రెండు వచ్చాయి. రెండూ చిల్లుల్లో దిగలేదు.

"మీ స్కేలును పోరగాండ్లు కొరికిన్రు సారూ."

"కొరికితే స్కేలు పొట్టిదైతది భాయ్, అంగుళం పొట్టిదైతదా?"

"పదేండ్ల సంది నా కొలత తప్పలే."

"అయితే నా చిల్లే తప్పింది."

సాదుల్లా తన స్కేలు తీసి బడి స్కేలు పక్కన పెట్టాడు. గీతకు గీత కలిపి చూస్తే కలవలేదు. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుచేత నమూనాలు చేసేవారి స్కేలులో ప్రతి అంగుళమూ రవ్వంత పెద్దది. రానున్న నష్టాన్ని ముందే కలుపుకొని కొలవడం అతనికి పదేళ్లుగా అలవాటు.

"ఇది ఇనుము కాదు కదా సారూ. సల్లారేదేం లేదు" అన్నాడు మెల్లగా.

"సల్లారెటందుకు నేనున్న కదా భాయ్."

సాదుల్లా నవ్వి రెండు స్కేళ్లనూ అవతల పెట్టాడు. లాంతరు మసిని చిల్లు అంచులకు పూసి, మాసికను అదిమి చూసి, నలుపు అంటినచోటల్లా గీకాడు. మళ్లీ అదిమాడు, మళ్లీ గీకాడు. కొలత పనికిరాని చోట స్పర్శ ఎంత ఓపికగా పనిచేస్తుందో సుందర్‌రాజు అప్పుడే చూశాడు. చివరకు మాసికలు కూర్చున్నాయి. లోపలినుంచి చెక్కపట్టీలు ఆనించి, వేడి జిగురుతో అతికించి, తెల్లవారేదాకా ముట్టవద్దన్నాడు.

ఆదివారం గిటారు మోగింది. అయితే జిగురు, పట్టీల బరువుతో దాని గొంతు తగ్గిపోయింది. సుందర్‌రాజు ఎంత గట్టిగా మీటినా పైకి లేవలేదు. ఇన్నాళ్లూ దాని హోరులో మునిగిపోయిన ఆడవాళ్ల పాట, అందులో చివరి వరుసలోని ఏసమ్మ సన్నని గొంతు, గోడలదాకా స్పష్టంగా వినిపించింది.

ప్రార్థన ముగిశాక సత్యానందం గారు గిటారును వెనక్కి తిప్పి, మాసికలను వేలితో తడిమారు.

"జెర మర్యాద నేర్చినట్టుంది. ఉండనియ్యి."

సుందర్‌రాజు తలవంచి "మంచిది పెద్దయ్యా" అన్నాడు. తాను గెలిచాడో ఓడాడో తేల్చుకోలేక, ఏసమ్మను వచ్చేవారం ముందు వరుసలో కూర్చోమనడానికి లేచి వెళ్లాడు.