జెరోటిచ్ మీద రాసిన అబద్ధం

జెరోటిచ్ శవం ఇంకా మార్చురీలోనే ఉంది. ఆమె మీద అబద్ధం మాత్రం తెల్లారేసరికి హాస్టల్ గోడెక్కింది. "ప్రేమ విఫలమై మా విద్యార్థిని ప్రాణం తీసుకున్నందుకు చింతిస్తున్నాం" అని విశ్వవిద్యాలయం ముద్ర గుద్ది మరీ అంటించారు. చుట్టూ మూగిన గుంపులో ఎవడో "ఎవడ్రా ఆ మొనగాడు?" అని నవ్వాడు. ముహోంజాకు ఒళ్లు మండిపోయింది.

ప్రేమట, ప్రేమ! నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న తనకు తెలియని ప్రేమా? జెరోటిచ్ రాసిన రెండు పరీక్షల మార్కులు గల్లంతయ్యాయి. గుమాస్తా లెక్చరర్ని అడగమనేవాడు, లెక్చరర్ గుమాస్తాని అడగమనేవాడు. రెండేళ్లు తిప్పారు. చివరికి ఆ పిల్లకు ఉగాలి ముద్ద దిగేది కాదు, కంటికి కునుకు పట్టేది కాదు, పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికేది. పన్నెండు వేల మందికి ఒక్క కౌన్సెలర్. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ ఆ గదికి తాళమే. "నాకు పిచ్చెక్కుతోందేమోనే" అనేది. "దెయ్యం పట్టిందేమో, పాస్టర్ దగ్గర ప్రార్థన చేయించుకో" అంది ముహోంజా. ఆ మాట ఇప్పుడు తననే తినేస్తోంది.

పదింటికి డీన్ ముస్యోకా పిలిపించాడు. జెరోటిచ్ తన ప్రియుడి గురించి చెప్పుకుని ఏడ్చేదని ముహోంజా సాక్ష్యమిచ్చినట్టు టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టు. ఖననానికి మీ అందర్నీ తీసుకెళ్లడానికి బస్సు ఇస్తాం."

"ఇది అబద్ధం కదా సార్."

"పోయినదానికి అబద్ధమేంటి, నిజమేంటి? నీ సంగతి చూసుకో. ఆర్థికశాస్త్రంలో నీ మార్కులూ దొరకట్లేదటగా? పొద్దున వెతికించాను, దొరికాయి. శుక్రవారం పట్టా పుచ్చుకుంటావు."

ముహోంజా కాగితం మళ్లీ చదివింది. పట్టా పండగకి అమ్మ ఊరందర్నీ పిలిచేసింది. ఏడాదిగా దొరకని మార్కులు ఒక్క పూటలో దొరికాయంటే అసలు అవి పోయిందెప్పుడు? "ఆలోచించుకుని ఇస్తాను సార్" అని కాగితం తీసుకుంది.

మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో విద్యార్థుల కముకుంజి సభ కూడింది. నిరసనకు గుర్తుగా పచ్చి కొమ్మలు పట్టుకుని మూడు వేల మంది. విద్యార్థి సంఘం అధ్యక్షుడు ఒటియెండె "కామ్రేడ్స్!" అంటే "పవర్!" అని మైదానం దద్దరిల్లుతోంది. బస్సు అడగడానికే అందరూ వచ్చారు. ముహోంజా బల్ల ఎక్కి కాగితం చదివి వినిపించింది.

"వీళ్లకి సాక్ష్యం కావాలట. ఇస్తున్నా వినండి. జెరోటిచ్‌కి ప్రియుడు లేడు. ఆమెకొచ్చింది జబ్బు. ఆ జబ్బు తెప్పించింది ఆ ఆఫీసు. నేను దాన్ని దెయ్యమన్నాను, బుద్ధి లేక! నాకూ నాలుగు నెలలుగా నిద్ర లేదు. మీలో ఎంతమందికి ఉంది?"

"ఆపమ్మా ఏడుపు! బస్సు సంగతి తేల్చు!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

ఒటియెండె వాడి వైపు తిరిగాడు. "నాకు లేదురా నిద్ర," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "మీ ముందు అరుస్తానా, గదిలోకెళ్తే గుండె దడ. మా నాన్నకి తెలిస్తే నువ్వు మగాడివేనా అంటాడు."

ముందు వరసలో ఒకమ్మాయి నాకూ లేదంటూ కొమ్మ పైకెత్తింది. తర్వాత పది లేచాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. ముహోంజా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

బస్సు రాలేదు. పోలీసులు వచ్చారు, బాష్పవాయు గోళాలు పేల్చారు. కామ్రేడ్లు లారీ ఎక్కి వెళ్లి జెరోటిచ్‌ని మట్టిలో పెట్టి వచ్చారు. పట్టాల జాబితాలో ముహోంజా పేరు లేదు.

శుక్రవారం ఆమె పట్టాలిచ్చే మైదానం కంచె బయట అమ్మ పక్కన నిలబడింది. బిడ్డ మెడలో వేద్దామని అమ్మ మెరుపు కాగితాల దండ తెచ్చింది.

"ఒక్క సంతకానికి ఏం పోయేదే తల్లీ?" అని అమ్మ ఏడ్చింది. ముహోంజా జెరోటిచ్ కథంతా చెప్పింది. ఏమీ దాచలేదు. అమ్మ ఏడుపు ఆగింది.

లోపల డీన్ మైకులో విభాగం పేరు చదివి పట్టభద్రులను లేవమన్నాడు. ఒక్కరూ లేవలేదు. మళ్లీ చదివాడు. నల్ల గౌన్ల వరసలు కదల్లేదు. అప్పుడు ఆ వరసల్లో ఒటియెండె కూర్చున్న చోటు నుంచే, "జెరోటిచ్ మార్కులు ఎక్కడ?" అని అడిగాడు. నాలుగు వందల గొంతులు అదే అడిగాయి. పోలీసులు లాఠీలతో వరసల్లోకి దిగారు.

కంచె పొడుగునా తల్లులూ తండ్రులూ నోరెళ్లబెట్టి చూస్తున్నారు. ముహోంజా తల్లి దండ కింద పడేసి, రెండు చేతులా కంచె పట్టుకుని ఊపుతూ అరిచింది:

"మా పిల్లల మార్కులు ఎక్కడరా?"