మా నాన్న పేరు అడిగినావిడ

యానినా పట్నంలోని పౌరసత్వాల ఆఫీసులో ముగ్గురు వరసగా కూర్చుని నన్ను ప్రశ్నలడిగారు. పార్లమెంటులో సభ్యులెందరో చెప్పాను. నదులు చెప్పాను, అడగని నదులు కూడా రెండు కలిపి చెప్పాను. ఇక గ్రీకు పౌరసత్వం చేతికొచ్చినట్టేనని లేవబోతుంటే చివరి కుర్చీలోని కళ్ళద్దాలావిడ నవ్వుతూ, "మీ నాన్నగారి పేరేమిటండీ?" అంది.

"థొమాస్" అన్నాను.

ఆవిడ కాగితం చూసింది. నవ్వు ఆగిపోయింది. ఏదో రాసుకుంది. "సరే, వెళ్ళండి. నిర్ణయం పోస్టులో వస్తుంది."

మెట్లు దిగుతుంటే తెలిసింది నేనేం చేశానో. మా నాన్న పేరు సాబ్రి. పాస్‌పోర్టులో అదే, దరఖాస్తులో అదే. థొమాస్ అనేవాడు పుట్టనే లేదు.

పుట్టించింది నేనే. అల్బేనియా నుంచి కొండ దాటి వచ్చిన కొత్తలో, అటువైపు నుంచి వచ్చినా గ్రీకు జాతివాడివైతేనే రాళ్ళపని ఇస్తానన్నాడు మేస్త్రి. బర్ధిల్‌నైన నేను ఆ పూటే గ్రీకు పేరు పెట్టుకుని వసిలినయ్యాను, మా నాన్న థొమాస్ అయ్యాడు. మావాళ్ళు చాలామంది ఆ పనే చేశారు. తరవాత అసలు పేర్లతోనే కాగితాలు వచ్చాయి గానీ, ఊరికి మాత్రం నేను వసిలినే. కాఫీ కొట్లో కూర్చుని ముప్పై ఏళ్ళు థొమాస్ మీద కోతలు కోశాను. మంచులో గాడిద మొరాయిస్తే దాన్ని మెడమీద వేసుకుని రెండు కనుమలు దాటాడని, దారిలో తోడేలు ఎదురొస్తే గాడిదను దించకుండానే తన్నాడని. విన్నవాళ్ళు నాకు సారా పోయించేవాళ్ళు.

ఆ ప్రశ్నలడిగి ఇప్పటికి పదమూడు నెలలైంది. పోస్టుమాన్ బండి మలుపు తిరిగితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. అబద్ధం చెప్పాడని రాస్తే పౌరసత్వం పోవడమే కాదు, సెప్టెంబరులో ముగిసే నివాస అనుమతి కూడా ఇవ్వరేమోనని భయం. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఎక్కడికని పోను? పుట్టిన ఊళ్ళో మా ఇంటి గోడలు కూడా మిగల్లేదు.

"నోర్మూసుకుని కూర్చో. ఆవిడ ఎప్పుడో మరిచిపోయుంటుంది" అంటుంది నా భార్య ద్రితా. కానీ బండి చప్పుడైతే తనూ గరిట తిప్పడం ఆపేస్తుంది.

మొన్న మంగళవారం నేను కొట్లో అడుగుపెట్టగానే, కొట్టు నడిపే అగ్లాయా చప్పట్లు కొట్టింది.

"రావయ్యా వసిలీ! పొద్దున పోలీసులొచ్చి నీ గురించి ఆరా తీశారు. నిన్ను ఆకాశానికెత్తేశాం!"

"ఏ... ఏమడిగారు?"

"మనిషెలాంటివాడని. నోరొక్కటే చెడ్డది, మిగతాదంతా బంగారమన్నాను."

పాచికలాడుతున్న స్టెర్గియో అందుకున్నాడు. నా ఈడువాడే, నా కోతలన్నీ నోటికొచ్చినవాడు. "వీణ్ణి వదిలెయ్యండి సార్, వీడి బాబు థొమాస్ ఉన్నాడే, గాడిదను మోసిన మొనగాడు, అని నేను చెప్పా. ఆ పోలీసాయన పేరు మళ్ళీ అడిగి మరీ రాసుకున్నాడురా!"

"రాసుకున్నాడా?"

"అక్షరం పొల్లుపోకుండా. అదేంట్రా, మొహానికి సున్నం కొట్టినట్టయింది? తోడేలు సంగతి కూడా చెప్పాల్సిందా?"

అందరూ నవ్వారు. థొమాస్ ఇప్పుడు రెండు ఫైళ్ళలో బతికున్నాడు.

"స్టెర్గియో, మా నాన్న పేరు సాబ్రి. థొమాస్ అనేవాడే లేడురా" అన్నాను.

"విన్నావా అగ్లాయా, ఇవాళ కొత్తది మొదలెట్టాడు!" అన్నాడు వాడు, పాచికలు గిలకరిస్తూ.

మర్నాడు మొదటి బస్సుకే యానినా పోయాను. ఆఫీసు కిటికీ వెనకున్న అమ్మాయి, థొమాస్ సంగతి ఒప్పుకుంటూ నేను రాసిన అర్జీ చదివి, మళ్ళీ మొదట్నుంచీ చదివింది.

"తాతా, నీ అంతట నువ్వే ఒప్పుకుంటున్నావా? ఒప్పుకున్నాడని వదిలేస్తారో, దీన్నే పట్టుకుంటారో నాకు తెలీదు మరి."

"నాకూ తెలీదమ్మా. అందుకే నిద్రపట్టడం లేదు."

అమ్మాయి ముద్ర ఎత్తి, గాల్లోనే ఆపింది. "ఇది పడిందంటే కాగితం లోపలికెళ్ళిపోతుంది. ఆ రోజు చెప్పినదాంట్లో ఇంకేమన్నా తేడా ఉందా?"

ముగ్గురూ బిగదీసుకుని కూర్చున్నారని, వాళ్ళను కాస్త నవ్విద్దామని ఆ గదిలో ఇంకా ఏమేం వాగానో ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు.

"అమ్మా, ఇంకో తెల్లకాగితం ఇస్తావా?" అన్నాను. "కూర్చుని రాసుకోడానికి కాస్త చోటు కూడా."