ఏడో నంబరు మంచం

"మీ ఆస్పత్రిలో నా పేరు నన్నే అడుగుతారేంటమ్మాయ్? నేనెవరో తెలీకుండానే మంచం ఇచ్చారా?"

మీనాకుమారి గారు ఆ మాట అన్నప్పుడు సత్యశ్రీ ఆవిడ కాళ్ల దగ్గర దుప్పటి సర్దుతోంది. కాలి పుండు మానక, షుగరు దిగక అత్తగారు ఆ పొద్దున్నే చేరారు. చేరింది కోడలు ఇన్‌ఛార్జి నర్సుగా ఉన్న రాజమండ్రి ఆస్పత్రిలోనే, కోడలి వార్డులోనే. మధ్యాహ్నం ఇంజెక్షన్ చెయ్యడానికి వచ్చిన పిల్ల అలవాటు ప్రకారం "మీ పేరు చెప్పండమ్మా" అంది. అదే తప్పయిపోయింది. చేతికి వేసిన పేరు పట్టీని అప్పటికే కత్తిరించి పారేయించారావిడ. సంతలో గేదెకి కట్టినట్టు ఈ చీటీ ఏంటన్నారు.

పక్కనే కుర్చీలో ఉన్న ఆవిడ కొడుకు ఉదయ్‌భాస్కర్ ఫోన్లోంచి తలెత్తలేదు. గోదావరి అవతల కొవ్వూరులో వాళ్ల ఇల్లు, అక్కడే అతనికి ఎరువుల కొట్టు ఉంది. మాట తేల్చేసి పక్కకి జరిగిపోవడం కొట్లో బాగా అలవాటు. "నీ కింద పనిచేసే పిల్లలే కదా సత్యా. అమ్మనొక్కదాన్ని వదిలెయ్యమని చెప్పలేవా? ఎందుకంత బిగుసుకుపోతావు?"

సత్యశ్రీ రామచంద్రపురం బియ్యం వ్యాపారి జోగేశ్వరరావు గారి కూతురు. ఏ మాటకి ఎంత నష్టమో లెక్క కట్టడం చిన్నప్పుడే వచ్చింది. ఇప్పుడు కాదంటే ఇంట్లో రెండు రోజులు మూతి ముడుపులు, వంట దగ్గర దెప్పులు, ఆడపడుచుకి ఫోన్లు, "మీ ఆవిడకి ఆఫీసరు వేషాలు ఎక్కువయ్యాయిరా" అన్న మాట కనీసం నాలుగుసార్లు. ఔనంటే ఒక్క మనిషి, నాలుగైదు రోజులు, అందరికీ తెలిసిన మొహం. ఏ పక్క మొగ్గుతుందో చూడటానికి కాటా కూడా అక్కర్లేదనిపించింది. పదహారేళ్లుగా ఆవిడ చేసుకొస్తున్న బేరం ఇదే. ఒక్కోసారి వదులుకున్నది చూస్తే చిన్నదే. పొద్దున్న అరగంట నిద్ర, పండక్కి పుట్టింటికెళ్లే ఒక పూట, వేడిగా తినే ఒక ముద్ద. చిన్నది కాబట్టే ఇచ్చెయ్యడం తేలిక. ఇచ్చినవన్నీ ఒకచోట పోగేసి చూసుకునే తీరిక మాత్రం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు చెప్పేసింది. "ఏడో నంబరు మా అత్తయ్యగారు. ఆవిణ్ణి పేరు అడక్కండి. పట్టీ కూడా చూడక్కర్లేదు. రాత్రి డ్యూటీ వాళ్లకీ చెప్పండి."

వార్డులో ఆ పేరు అడిగే పద్ధతి పెట్టింది సత్యశ్రీయే. రెండేళ్ల కిందట కాకినాడలో మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చింది. ఆ మూడు రోజులకీ ఇంట్లో మూడు రోజుల కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లింది, అది వేరే సంగతి. "మీరు ఫలానా కదా" అంటే రోగి మగతలో దేనికైనా ఊ కొడతాడు, అతని నోటితోనే పేరు చెప్పించి పట్టీతో సరిచూడాలి అని అక్కడ చెప్పారు. ఫోన్లో డాక్టరు చెప్పిన మందు రాసుకుని మళ్లీ చదివి వినిపించాలన్నారు. మందులు సిద్ధం చేసే నర్సు ఎర్ర ఆప్రాన్ వేసుకుంటే ఎవరూ పలకరించకూడదు, మధ్యలో మాట పడితే లెక్క తప్పుతుందట. ఎన్నో ఆస్పత్రుల్లో వేలమంది మీద చూసి తేల్చినవి ఇవన్నీ. సత్యశ్రీకి ఇందులో కొత్తేమీ కనపడలేదు. నాన్న కొట్లో బస్తాలు దిగేటప్పుడు ఒకడు లెక్క పలికితే రెండోవాడు అదే తిరిగి పలకాలి. బావమరిది తెచ్చిన బస్తా అయినా సరే కాటా ఎక్కించేవారు నాన్న. కొత్తగా అనిపించింది ఆ ఎర్ర ఆప్రాన్ ఒక్కటే. అలాంటిది ఇంట్లో వేసుకుని తిరిగితే ఎలా ఉంటుందో అనుకుని బస్సులో తనలో తనే నవ్వుకుంది.

ఆ పద్ధతులు పెట్టాక ఆర్నెల్లలో వార్డులో మందుల పొరపాట్లు పదకొండు నుంచి రెండుకి దిగాయి. ఇంట్లో ఆ సంగతి చెబితే "అంటే ఇంతకుముందు పదకొండు తప్పులు చేశారన్నమాట" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

మర్నాడు నాలుగున్నరకే లేచి ఇడ్లీలు వేసి, కాఫీ ఫ్లాస్కులో పోసి, మొగుడి చేతికిచ్చి పంపింది. అతను ఆరింటికల్లా వంతెన దాటి వార్డులో ఉన్నాడు. "కొడుకంటే వీడు, తెల్లారేసరికి కాఫీ తెచ్చాడు" అని మీనాకుమారి గారు చుట్టుపక్కల వాళ్లకి చెప్పారట. చెప్పి, రాత్రంతా నిద్ర పట్టలేదన్నారు. ఉదయ్‌భాస్కర్ కిటికీలోంచి ఎండ ఎటు పడుతోందో చూసి గతుక్కుమన్నాడు. ఏడో నంబరు మంచం తలాపి ఉత్తరానికి ఉంది.

ఎదురు వరసలో పన్నెండో నంబరు తలాపి దక్షిణానికి. దాని మీద దీనమ్మ, కొబ్బరికాయలు వలిచే కూలీ, మూడు రోజులుగా విషజ్వరం. పక్కన కూతురు. "ఏమీ అనుకోకండమ్మా, మా అమ్మకి ఉత్తరం తల పడదు. కాస్త ఇటు మారతారా?" అని అతను మర్యాదగానే అడిగాడు. "దానికేముందండి, మాకు అలాంటి పట్టింపుల్లేవు" అంది ఆ పిల్ల. ఆయా సాయం పట్టింది. పది నిమిషాల్లో ఇద్దరూ మంచాలు మారిపోయారు. చార్టులు మాత్రం పాత మంచాలకే వేలాడుతున్నాయి. ఉదయ్‌భాస్కర్ పుణ్యం చేసినంత తృప్తిగా అమ్మని పడుకోబెట్టి కొట్టు తియ్యడానికి వెళ్లిపోయాడు.

ఏడున్నరకి నర్సు హారతి ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండు నెలలు, ఆ వార్డులో అదే మొదటి రాత్రి డ్యూటీ. ఏడో నంబరులో ఒక పెద్దావిడ చలికి దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. మేడమ్ గారి అత్తగారు, లేపితే ఏమంటారో. పేరు అడగొద్దన్నారు, పట్టీ చూడొద్దన్నారు. మెల్లిగా దుప్పటి జరిపి చేతికి ఇన్సులిన్ వేసి, మళ్లీ కప్పి వెళ్లిపోయింది.

ఎనిమిదిన్నరకి సత్యశ్రీ వార్డులోకి వచ్చేసరికి ఏడో నంబరు దగ్గర దీనమ్మ కూతురు సంతోషంగా ఉంది. "చెమటలు పోస్తున్నాయి మేడమ్, జ్వరం దిగిపోతోంది." సత్యశ్రీ నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట. పిలిస్తే కళ్లు తెరిచింది గానీ మాట ముద్దగా వస్తోంది. ఎదురుగా పన్నెండులో అత్తగారు ఇడ్లీ తింటున్నారు. ఏం జరిగిందో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. డెబ్భై పైన ఉండాల్సిన షుగరు చూస్తే ముప్పై ఎనిమిది. గ్లూకోజ్ ఎక్కించి, డాక్టరుని పిలిపించి, పదేసి నిమిషాలకోసారి రక్తం చూసుకుంటూ అక్కడే నిలబడింది. గంటన్నరకి దీనమ్మ లేచి కూర్చుని మంచినీళ్లడిగింది.

"మీకు వెయ్యకూడని మందు వేశామమ్మా," అంది సత్యశ్రీ. "ఎదురు మంచం ఆవిడకి వెయ్యాల్సింది. తప్పు మాది."

దీనమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "నేను పోయుంటే?"

సత్యశ్రీ ఆవిడ చేతికి మంచినీళ్ల గ్లాసు అందించింది.

"మీరు చెప్పారు కాబట్టి తెలిసింది. జ్వరవే అనుకుందును," అని దీనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం మేనేజరు సుధాకర్ గారు గదిలోకి పిలిచారు. హారతి మూల నిలబడి ఏడుస్తోంది. "పిల్ల కొత్త. ఈవేళే పంపించేద్దాం. కాయితం మీద నర్సు పొరపాటు అని ఒక్క ముక్క రాసెయ్యండి. మీ అత్తగారి సంగతి ఎందుకండి మధ్యలో? మీకూ పరువే, మాకూ పరువే. ఇన్‌ఛార్జి పోస్టులో ఉన్నారు, ఆలోచించుకోండి."

ఆలోచించింది. పొరపాట్లు రాసే ఆ ఫారం తయారుచేసిందీ సత్యశ్రీయే. అందులో మూడే గళ్లు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకమీదట ఏం మారుస్తాం. ఎవరు చేశారు అన్న గడి కావాలనే పెట్టలేదు. ఆ గడి ఉంటే ఎవరూ నిజం రాయరు. హారతిని పంపేస్తే రేపు ఇంకో పిల్ల వస్తుంది. ఏడో నంబరు తలాపి ఉత్తరానికే ఉంటుంది. ఎవరో ఒకరి అత్తగారో, ఎవరో ఒకరి పెద్దమనిషో ఆ మంచం మీదకొస్తారు, వాళ్లని అడగొద్దని ఎవరో ఒకరు చెబుతారు. పదహారేళ్లుగా తను వదిలేసినవన్నీ తనవే అనుకుంది. నిన్న వదిలేసింది తనది కాదు. దీనమ్మది.

ఎందుకు జరిగింది అన్న గడిలో రాసింది. "ఒక రోగిని పేరు అడగవద్దని, పట్టీ చూడవద్దని సిబ్బందికి నేను చెప్పాను. ఆవిడ మా అత్తగారు. సిస్టర్ హారతి నా మాట పాటించింది." కింద పూర్తి పేరు పెట్టి సంతకం చేసింది. సుధాకర్ గారు కాయితం చదివి మళ్లీ బల్ల మీద పెట్టారు. "ఇది పెద్ద డాక్టరు గారి దాకా వెళ్తుందండి." "వెళ్లాలనే రాశానండి," అంది.

సాయంత్రం వరండాలో ఉదయ్‌భాస్కర్ ఎదురొచ్చాడు. కబురు ముందే అందింది. "మంచం మార్చింది నేనని కూడా రాశావా? కట్టుకున్నవాడి పేరు ఆఫీసు కాయితాల్లోకి ఎక్కిస్తావా?"

"మీ పేరు రాయలేదండి. ఉత్తరం తల పెట్టుకోరని తెలిసీ ఆరు మంచాలు అలా వేసింది మేమే. రేపు ఆ వరస తిప్పిస్తున్నాం."

"మరి నీ ఉద్యోగం?"

"ఉంటే ఉంటుంది." ఆ మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తనకే వింతగా అనిపించింది.

డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లలేదు. రాత్రి భోజనానికి ముందు వెయ్యాల్సిన ఇన్సులిన్ తనే తీసుకుని పన్నెండో నంబరు దగ్గరికి వెళ్లింది. కొత్త పట్టీ రాసి తెచ్చింది. ఎదురు మంచం మీంచి దీనమ్మ చూస్తోంది. పొద్దుట్నుంచీ ఆస్పత్రిలోనే ఉండిపోయిన హారతి ఇంటికెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది.

"అత్తయ్యగారూ, మీ పేరు చెప్పండి."

మీనాకుమారి గారు కోడలి మొహం చూసి, కొడుకు మొహం చూశారు. ఉదయ్‌భాస్కర్‌కి చిర్రెత్తింది. "మతి పోయిందా సత్యా? అమ్మ పేరు నీకు తెలీదా?"

"తెలుసండి," అంది సత్యశ్రీ, చేతిలో సిరంజితో అలాగే నిలబడి. "తెలుసనే నిన్న అడగనివ్వలేదు. చెప్పండత్తయ్యగారూ, మీరు చెప్పేదాకా ఉంటాను."