రెండో గంట

పదకొండు కాగానే క్లాసు ముగిసింది. కుర్చీలు కిర్రుమన్నాయి. అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో ఒక చిన్న కాలేజీ మూడో అంతస్తులో, బీజగణితం చెప్పే గదిలోంచి అందరూ సంచులు భుజాన వేసుకుని బయటికి నడిచారు. వాళ్ళలో సగంమంది వెళ్ళవలసినవాళ్ళు కారు. వాళ్ళకి అదే గదిలో, అదే పంతులమ్మ దగ్గర, అవే లెక్కల మీద ఇంకో గంట ఉంది. లెక్కల్లో వెనకబడ్డవాళ్ళ కోసం కాలేజీ పెట్టిన సహాయ తరగతి అది. అయినా వాళ్ళూ లేస్తారు. అందరితోపాటు మెట్లదాకా నడుస్తారు. ఒకడు నీళ్ళ కుళాయి దగ్గర వంగుతాడు. ఒకావిడ ఫోను చెవికి ఆనించి, అవతల ఎవరూ లేకపోయినా "ఊఁ, ఊఁ" అంటుంది. నడవా ఖాళీ అయ్యాక ఒక్కొక్కరే గోడ వెంబడి వెనక్కి వస్తారు. అయ్యా, ఇళ్ళకి కన్నం వేసేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్తగా అడుగులు వెయ్యరు. వీళ్ళు ఎత్తుకుపోయేది చదువు, అదీ తమకి రావలసిందే.

వాళ్ళలో వెండెల్ హాగిన్స్ ఒకడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. ఆసుపత్రిలో రోగుల్ని బండి మీద తోసుకుంటూ ఎక్స్‌రే గది గుమ్మందాకా చేర్చడం అతని ఉద్యోగం. గుమ్మం దాటే అర్హత లేదు. ఇన్నాళ్ళకి ఎక్స్‌రే పని నేర్పే శిక్షణలో సీటు దొరికింది, ఒకే షరతు మీద: ఈ బీజగణితం గట్టెక్కాలి. తప్పితే సీటు ఇంకొకరిది, బండి మళ్ళీ వెండెల్‌ది.

ఆ క్లాసులోనే బ్రేడీ కెస్లర్ అనే కుర్రాడున్నాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగానికి పెద్దగా ఉన్నాయన వాడికి మేనమామ. ఈ రెండో గంట సంగతి వాడికి తెలిస్తే ఆసుపత్రి అంతటికీ తెలిసినట్టే. అందుకని వెండెల్ రోజూ వాడితో కబుర్లు చెబుతూ కార్లు నిలిపేచోటుదాకా మంచులో నడిచి, వాడి కారు కదిలాక, నొప్పెట్టే మోకాళ్ళతో మళ్ళీ మూడంతస్తులూ ఎక్కేవాడు.

మొదటి పరీక్ష తప్పాడు. పంతులమ్మ మిస్ పావ్లిక్ ముక్కుసూటి మనిషి. అందరూ వెళ్ళాక కాగితం అతని ముందు పెట్టింది.

"మిస్టర్ హాగిన్స్, ఎక్స్ ప్లస్ మూడు, మొత్తానికి వర్గం చెయ్యమంటే మీరు ఎక్స్ స్క్వేర్ ప్లస్ తొమ్మిది అని రాశారు. మధ్యలో ఆరు ఎక్స్ ఏమైంది?"

"పోయింది మేడమ్."

"ఎక్కడికి?"

"నాతోపాటు కార్ల దగ్గరికి వెళ్ళుంటుంది."

ఆవిడ నవ్వలేదు. "రెండో గంట మొదట్లో, అప్పుడే చెప్పిన లెక్కని మళ్ళీ విప్పి చెప్తాను. మీరంతా బయట తిరుగుతుంటే ఖాళీ కుర్చీలకి చెప్తున్నాను. కుర్చీలు బాగానే నేర్చుకున్నాయి."

ఆ వారమే కాలేజీ ఆఫీసునుంచి లాంగ్లీ అనే అధికారి రెండో గంట క్లాసుకి వచ్చాడు. మెత్తటి గొంతు.

"మీరు ఇబ్బంది పడుతున్నారని విన్నాం. మీ గౌరవం కోసం ఈ క్లాసుని పక్క భవనంలో, నేల కిందున్న గదికి మారుద్దామనుకుంటున్నాం. అక్కడ మిమ్మల్ని ఎవరూ చూడరు."

అందరూ తలలూపారు. బడి వంటశాలలో పనిచేసే డొరీన్ అయితే "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అంది. వెండెల్ కూడా ఊపబోయి ఆగాడు. ఆసుపత్రిలో శవాల గది కూడా నేల కిందే ఉంది, ఎవరూ చూడకూడదనే. ఎన్నోసార్లు తనే అటు బండి తోశాడు. అది గుర్తుకు రాగానే ఒళ్ళు మండిపోయింది.

"రేపు చెప్తాం సార్," అన్నాడు.

మర్నాడు క్లాసు ముగిసింది. అందరూ లేచారు. వెండెల్ లేవలేదు.

"పద పెద్దాయనా," అన్నాడు బ్రేడీ. "మెట్లు దిగేసరికి నీకు సాయంత్రమవుతుంది."

"నువ్వెళ్ళు. నాకింకో గంట క్లాసుంది."

"ఏం క్లాసు?"

"ఇదే. నాకు ఒకసారి చెబితే ఎక్కదు."

గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. బ్రేడీ మూతి సాగదీసి నవ్వాడు. "అంటే మొద్దుల క్లాసా? మా మామయ్యకి చెప్తే పడీపడీ నవ్వుతాడు. ఆయన యంత్రాలు నీ చేతికి ఇస్తారట."

"చెప్పు. పేరు మర్చిపోకు, హాగిన్స్. అది సరే, హైస్కూల్లో మీ ఇంటికి లెక్కల మాస్టారు వచ్చేవాడని నువ్వేగా చెప్పావు?"

"అది ట్యూషను."

"మీ నాన్న ఇంటికి పిలిపిస్తే ట్యూషను. అదే నాకు కాలేజీలో చెప్తే మొద్దుల క్లాసు. చూశావా, ఈ లెక్క మాత్రం నాకు ఒక్కసారికే ఎక్కింది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బ్రేడీ మొహం ఎర్రబడింది. సంచి విసురుగా భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. నడవాలో ఫోను చెవికి ఆనించుకున్న ఆవిడ డొరీనే. ఆవిడ ఫోను సంచిలో పడేసి, అందరూ చూస్తుండగా లోపలికొచ్చింది.

"కాస్త జరుగు వెండెల్. నీ తలకాయ అడ్డమొచ్చి బోర్డు కనిపించట్లేదు."

మిగతావాళ్ళూ ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చున్నారు. పావ్లిక్ సుద్దముక్క అందుకునేలోగా లాంగ్లీ తొంగిచూశాడు. "మరి ఏమనుకున్నారు?"

వెండెల్ లేచి నిలబడ్డాడు.

"కిందికి వెళ్ళం సార్. ఇక్కడే కూర్చుంటాం. తలుపు కూడా తీసే ఉంచండి. మమ్మల్ని దాచిపెట్టి గౌరవం ఇస్తున్నామనుకుంటున్నారు. తప్పు చేసినవాణ్ణి కదా దాస్తారు? మేం చేసిన తప్పేమిటి? పొట్టకూటి కోసం చదువు మధ్యలో వదిలేశాం. ఇప్పుడు మళ్ళీ పట్టుకున్నాం. ఇన్నాళ్ళూ సిగ్గుపడి మేమే మా పాఠం పోగొట్టుకున్నాం. ఇక పోగొట్టుకోం."

"మీ అభిప్రాయం ఆలోచిస్తాం," అన్నాడు లాంగ్లీ.

"ఆలోచించండి. ఈలోగా మేం లెక్క చేసుకుంటాం."

ఆ గది మారలేదు. అలాగని వెండెల్‌కి లెక్కలు చిటికెలో వచ్చెయ్యలేదు. అడిగిందే అడిగి పావ్లిక్‌ని విసిగించాడు, ఆవిడ చెప్పిందే చెప్పి అతన్ని విసిగించింది. చివరికి బొటాబొటీ మార్కులతో గట్టెక్కాడు. శిక్షణలో చేరిన మొదటిరోజు బ్రేడీ మేనమామ అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఆ రెండో గంట కూర్చున్నది నువ్వేనా?"

"నేనే సార్. ముందు వరసలో."

ఆయన గోడకి వేలాడుతున్న కిరణాలు ఒంటికి తగలకుండా తొడుక్కునే సీసపు కోటు తీసి చేతికిచ్చి, లోపలికి రమ్మన్నాడు.

చదివే అయ్యలారా, అమ్మలారా, మీ ఊరి కాలేజీలోనూ ఇలాంటి నడవా ఉండే ఉంటుంది, అందులో నీళ్ళు తాగుతున్నట్టు నటించేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడికి ఈ మాట చెప్పండి: చదువులో సాయం అడగడం మనిషి హక్కు, అడిగినందుకు సిగ్గుపడమనే హక్కు ఎవడికీ లేదు.