మరక లేని బిబ్

చెంచా బోర్లించగానే క్యారెట్ ముద్ద జారిపోకూడదు, అలాగని అతుక్కుని వేలాడకూడదు. ఆ మధ్యరకం కుదరాలంటే ఉడికించిన నీళ్లు కాసిని పక్కన తీసిపెట్టుకుని, మిక్సీ ఆపి చూసుకుంటూ కొంచెం కొంచెం కలుపుకోవాలి. ఓ పొద్దున నేను ఆ పనిలో ఉండగా మా ఆయన కాఫీ కప్పుతో వంటగది గుమ్మంలో నిలబడి, "నాలుగు చెంచాల కూర పెట్టడానికి రాకెట్ ఎగరేస్తున్నంత హడావుడి చేస్తావు నువ్వు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అతని మాటలన్నీ ప్రేమగానే ఉంటాయి, అందుకే వాటికి జవాబు చెప్పడం కష్టం. తాగేసిన కప్పు నేను అప్పుడే తోమి పెట్టుకున్న సింకులో వదిలేసి తన గదిలోకి వెళ్లిపోయాడు.

మాకు ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు, నాలుగు నిమిషాల తేడా. ముందొచ్చినదాన్ని బొద్దు అంటాం, వెనకొచ్చినదాన్ని పిట్ట అంటాం. ఆరు నెలలు నిండాక ఇద్దరికీ ముద్దలు మొదలుపెట్టాను. బొద్దుకి చెంచా కనిపిస్తే చాలు, ఇంకా గిన్నెలో ఉండగానే నోరు తెరిచేస్తుంది. దానికి పెట్టడం ఏడెనిమిది నిమిషాల పని. పిట్ట అలా కాదు. ముద్ద లోపలికి వెళ్లగానే నాలుకతో బయటికి తోసేస్తుంది. ఇష్టం లేక కాదు, దానికి మింగడం ఇంకా పట్టుబడలేదు. గడ్డం మీదకి కారినదాన్ని చెంచాతో తీసి మళ్లీ పెట్టాలి, మళ్లీ తోస్తుంది, మళ్లీ పెట్టాలి. మూడోసారికో నాలుగోసారికో ఏదో గుర్తొచ్చినట్టు గుటుక్కుమంటుంది. ఎనిమిది చెంచాలు లోపలికి పోవడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈలోగా దాని ఆకుపచ్చ బిబ్ క్యారెట్ రంగుకి తిరిగిపోతుంది, నా నడుము పట్టేస్తుంది, పక్క కుర్చీలో బొద్దు ఖాళీ చెంచాతో పళ్లెం వాయిస్తూ ఉంటుంది.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. ట్యూబు మీద పేరూ నంబరూ రెండూ సరిచూసుకున్నాకే సాంపిల్ ముట్టుకోవాలి, పని పూర్తయ్యాకే టిక్కు కొట్టాలి, ముందు కొట్టకూడదు. పదకొండేళ్లుగా చేతికి అలవాటైపోయింది. అదే అలవాటుతో ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అంటించాను. నాలుగు రోజులకో కొత్త కూర, పడిందో లేదో చూసుకోవడానికి. పిట్టకో గడి, బొద్దుకో గడి, పూటకో టిక్కు. ముద్ద తిన్న పూట సీసాలో పాలు సగమే అని కింద ఎర్ర సిరాతో రాశాను. ఆ వాక్యం రాసింది నేనే, దాన్ని ఎవరి మీదకీ నెట్టలేను. చార్టు చూసి, మాతోనే ఉండే అత్తయ్య, "మేమూ పిల్లల్ని పెంచాం, మాకు చార్టులూ లేవు చట్టుబండలూ లేవు" అన్నారు. ఆడపడుచు ఫోన్‌లో నవ్వి, ఇంట్లో కూడా ల్యాబే పెట్టావా వదినా అంది. నేనూ నవ్వాను. నిద్ర చాలని మనిషికి నవ్వడమే తేలిక.

ఆరు నెలల సెలవు అయిపోయాక నెలరోజులు ఒంటిపూట పనికి ఒప్పుకున్నారు, పొద్దున ఎనిమిది నుంచి రెండింటి దాకా. ఆ నెల గడవగానే పూర్తిగా రావాలి, లేదా మానేయాలి. "మీ సీటు ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదమ్మా, నా ఇబ్బంది కూడా చూడండి" అని సూపర్‌వైజరు చాలా మర్యాదగా చెప్పాడు. అక్కడ పిల్లల కోసం పాలు పిండి తీసుకోవడానికి గది లేదు. అట్టపెట్టెలు పెట్టే స్టోరులో స్టూలు వేసుకుని, తలుపుకి గడియ లేదు కనుక వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఓరోజు ఎవరో తోశారు. నేను కదలకపోయేసరికి బయట్నుంచి, "లోపల డెయిరీ నడుస్తోందిరా" అని నవ్వులు వినిపించాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా ఆయన, "నీకంత అవస్థ ఎందుకు, మానెయ్యరాదూ" అన్నాడు. నాకు కావలసింది ఆ మాట కాదు. ఏం కావాలో చెప్పడానికి అప్పుడు ఓపిక లేదు.

మధ్యాహ్నం ముద్ద అతని వంతుకి వచ్చింది. ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తాడు, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా విరామం. వండి, మెత్తగా చేసి, మూతపెట్టి, రెండు గిన్నెలూ రెండు చెంచాలూ రెండు బిబ్‌లూ వరసగా పెట్టి వెళ్లేదాన్ని. పిట్ట తోసేస్తే తీసి పెట్టాలి, కంగారు పెట్టకూడదు, నాలుగోసారికి మింగుతుంది అని రెండ్రోజులు పక్కన కూర్చుని చూపించాను. మూడోరోజు నుంచి నేను వచ్చేసరికి గిన్నెలు ఖాళీ, చార్టులో రెండు టిక్కులు, పిల్లలు మంచం మీద. అత్తయ్య పొంగిపోయారు. "మా వాడి చేతి వాటం చూశావా, నీకు గంట పట్టేది వాడు పావుగంటలో ముగించేస్తున్నాడు." ఇరుగుపొరుగు అందరికీ చెప్పారు. మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ నన్ను ఆపి, అదృష్టవంతురాలివమ్మా, ఈ రోజుల్లో కూడా ఇలాంటి మొగుడా అంది. ఏడు నెలలుగా అదే పిల్లలకి రాత్రీ పగలూ నేను చేస్తున్నా నా మొగుణ్ణి అదృష్టవంతుడు అన్నవాళ్లు లేరు. అది అప్పుడే నాలుక చివరిదాకా వచ్చింది, కానీ చేతిలో సంచులున్నాయి.

నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. సాయంత్రం బట్టలుతికేటప్పుడు పిట్ట బిబ్ శుభ్రంగా ఉండేది, నీళ్లలో ఒక్కసారి జాడిస్తే సరిపోయేది. హమ్మయ్య, అతని చేతిలో ఏదో ఉంది, నా దగ్గర మొరాయించే పిల్ల అతని దగ్గర బుద్ధిగా తింటోంది అనుకున్నాను. కాస్త అసూయ కూడా కలిగింది.

నెలాఖరు శుక్రవారం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. బొద్దు బరువు బాగా పెరిగింది. పిట్టని త్రాసు మీద పడుకోబెట్టి డాక్టరమ్మ ఒకసారి చూసింది, తీసి మళ్లీ పడుకోబెట్టింది. పోయిన నెలకన్నా వంద గ్రాములు తక్కువ. ఇది పెరగాల్సిన వయసు, తగ్గకూడదు అంది. పూటపూటకీ ఎంత తింటోందని అడిగితే చార్టు ఫొటో చూపించాను. అన్నీ టిక్కులే. మధ్యాహ్నం ఎవరు పెడుతున్నారని అడిగింది. మా ఆయన కొంచెం నిటారుగా కూర్చుని, "నేనే డాక్టర్" అన్నాడు. వెరీ గుడ్, తండ్రులు ఇలా ముందుకు రావాలి అందావిడ. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నావా అని అడిగింది.

ఇంటికొచ్చాక అత్తయ్య పిట్టని ఒళ్లో వేసుకుని, దాని చేతులు తడుముతూ, "తల్లి కళ్లముందు లేకపోతే పిల్ల బెంగపెట్టుకోదూ" అన్నారు. నన్ను కాదు, పిట్టతోనే అన్నారు. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఉద్యోగం ఎప్పుడైనా దొరుకుతుంది, ముందు పిల్ల అన్నాడు. వంద గ్రాములు. ల్యాబ్‌లో చుక్క రక్తం తేడా వస్తే పట్టుకునేదాన్ని, నా పిల్ల ఒంట్లో తరిగింది చూడలేకపోయాను. ఫోన్ తీసుకుని సూపర్‌వైజరుకి మానేస్తున్నానని రాశాను. పంపలేదు. సోమవారం దాకా గడువుంది కదా అని అలా ఉంచాను. పదకొండేళ్ల పని నాలుగు లైన్లలో అయిపోయింది.

శనివారం సాయంత్రం బిబ్‌లు ఉతుకుతున్నాను. పొద్దున నేను పెట్టినప్పటివి రెండు, నేను ల్యాబ్‌లో ఉండగా మధ్యాహ్నానివి రెండు. పొద్దుటి పిట్ట బిబ్ మీద గుమ్మడికాయ ముద్ద ఎండి అట్టకట్టింది, సబ్బు రాసి గోటితో గీకితే గానీ వదల్లేదు. మధ్యాహ్నం బిబ్ తీసుకున్నాను. శుభ్రంగా, పొడిగా, నేను మడిచిన మడత కూడా చెదరకుండా ఉంది. తిప్పి వెనక వైపు కూడా చూశాను. నాలుగుసార్లు తోసేసే పిల్ల మెడకి కట్టిన బిబ్ ఇలా ఉండదు. నెలరోజులుగా ఇలాగే ఉంది. నెలరోజులుగా దీన్ని నేనే ఉతికాను, మరక లేదని మురిసిపోయాను. కొళాయి కట్టేసి లోపలికి వెళ్లాను.

అతను సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం పిట్ట ఎన్ని చెంచాలు తింది అని అడిగాను.

"అంతా తిందిగా. గిన్నె ఖాళీ, చూశావు కదా."

"గిన్నె కాదు, పిట్ట."

అతను ఫోన్ పక్కన పెట్టాడు. బిబ్ చూశాడు. అర్థం కాలేదు మొదట, తర్వాత అయింది. "అది తోసేస్తుంది, ఏడుస్తుంది. గంటలో నేను మళ్లీ కాల్‌లో కూర్చోవాలి. పారేయడం ఎందుకని దాని గిన్నె కూడా బొద్దుకే పెట్టేస్తున్నా. అది ఎంత పెట్టినా తింటుంది" అన్నాడు. తర్వాత నాకు నచ్చజెబుతున్నట్టు మెల్లగా, "ఎలాగూ నువ్వొచ్చి పెడతావు కదా అనుకున్నా" అన్నాడు.

ముద్ద తిన్న పూట పాలు సగమే. అంటే పిట్ట రోజూ మధ్యాహ్నం అరసీసా పాలతో సాయంత్రం దాకా ఉంది. నేను వచ్చి ఎత్తుకోగానే నా చీర అంచు నోట్లో పెట్టుకుని చీకేది. అమ్మ మీద బెంగ అన్నారంతా. అది ఆకలి. సోఫా అవతలి చివర కూర్చున్న అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కళ్లు దించుకున్నారు. "నేను చూశాను, లేదనను" అన్నారు. "మగాడు ఆ మాత్రం చేయడమే ఎక్కువ కదా, తప్పు పడితే అదీ మానేస్తాడని ఊరుకున్నాను." ఆవిడ గొంతులో నా మీద పగేమీ లేదు. అలసట ఉంది. నలుగురిని అలా ఊరుకుంటూనే పెంచి ఉంటారు.

ఆదివారం మధ్యాహ్నం రెండు గిన్నెలూ బల్ల మీద పెట్టాను. బొద్దు కుర్చీని అత్తయ్య వైపు జరిపాను. పిట్ట ముందు అతన్ని కూర్చోబెట్టి, చెంచా చేతికిచ్చి, నా కంచంలో అన్నం వడ్డించుకుని పక్క గదిలోకి వెళ్లాను. తలుపు తీసే ఉంచాను. పిట్ట ఏడ్చింది. "ఏమోయ్, ఒకసారి రావా" అన్నాడు. వెళ్లలేదు. కాసేపటికి "ఇది తోసేస్తోంది" అన్నాడు. తీసి మళ్లీ పెట్టు అన్నాను. ఇంకోసారి పిలిచాడు, ఈసారి విసుగ్గా. పిట్ట ఏడుస్తుంటే నా గుండెలు బరువెక్కి పాలు రవిక తడిపేశాయి, కాళ్లు వాటంతటవే లేవబోయాయి, ఆపుకున్నాను. వేడన్నం తిన్నాను. ఆఖరుసారి అన్నం వేడిగా ఎప్పుడు తిన్నానో గుర్తు రాలేదు. ఏడుపు మెల్లగా సణుగుడైంది, తర్వాత ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి అతని గొంతు, తనలో తను అనుకుంటున్నట్టు, "మింగిందమ్మా" అంది.

యాభై నిమిషాలు పట్టింది. నేను వెళ్లేసరికి పిట్ట కనుబొమల దాకా ఆలుగడ్డ, అతని చొక్కా మీద ఆలుగడ్డ, నేల మీద ఆలుగడ్డ. గిన్నెలో కొంచెం మిగిలింది, మిగిలిందని దాచలేదు. అతని నడుము పట్టేసినట్టుంది, కుర్చీలోంచి లేస్తూ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "రోజూ ఇంతేనా?" అని అడిగాడు. రోజుకి మూడుసార్లు అన్నాను.

అతను పెన్ను తీసుకుని ఫ్రిజ్ వైపు వెళ్తుంటే నేను ముందే వెళ్లి చార్టు పీకేశాను. ఫోన్ తీసి, పంపకుండా ఉంచిన ఉత్తరం చెరిపేసి, రేపటి నుంచి పూర్తిరోజు వస్తానని సూపర్‌వైజరుకి రాసి పంపాను. స్టోరు తలుపుకి గడియ వేయించమని కింద ఇంకో లైను చేర్చాను. అతను పెన్ను పట్టుకుని నిలబడే ఉన్నాడు. పిట్ట మెడలోంచి తడిసి బరువెక్కిన బిబ్ విప్పి అతని చేతిలో పెట్టాను.

"ఇక టిక్కులు వద్దు" అన్నాను. "దీన్ని నువ్వే ఉతుకు. పిల్ల తిందో లేదో నీకే తెలుస్తుంది."