ఇంకొక్క టేకు

"అమ్మా, నేనింక చర్చికి వెళ్ళను."

అన్నది యాభై దాటిన మనిషి. వినబడ్డది పదేళ్ళ పిల్లవాడి గొంతు. ఎదురుగా తెర మీద రాగిజుట్టు కుర్రాడొకడు పరాయి భాషలో పెదాలు కదిపాడు. ఆ కదలికలో అమలోద్భవి తెలుగు మాట, కాజాలో బొత్తాం పడ్డట్టు పడింది.

ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ కింది అంతస్తులో ఉంది ఆ డబ్బింగ్ స్టూడియో. కిటికీ లేని గది. గోడలకి మందపాటి స్పాంజి, తలుపుకి తోలు. లోపలికొచ్చి తలుపేసుకుంటే కార్ల హారన్లూ, వీధి చివర మైకూ, లోకం మొత్తం గుమ్మం బయటే ఆగిపోవాలి. గాజులు గలగలమంటే మైకు ఊరుకోదు కాబట్టి, ఆవిడ వాటిని తీసి బయట బల్ల మీద పెట్టి వచ్చింది. ఫోను కూడా అక్కడే సంచిలో ఉంది. ఆ గరగర కూడా మైకులో పడుతుందని, గంజి పెట్టిన చీర కట్టి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

సినిమాల్లో మగపిల్లలకి మగపిల్లలు డబ్బింగ్ చెప్పడం తక్కువ. వాళ్ళకి నిలకడుండదు, ఒక లైను చెప్పి రెండో లైనుకి కుర్చీ కింద దూరతారు. అందుకని ఆడవాళ్ళే చెప్తారు. అలా చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో కొద్దిమందే, వాళ్ళలో ఈవిడొకరు. అమలోద్భవి అంటే నోరు తిరగక ఫీల్డులో అమల చేశారు. బావిలో పడ్డ పిల్లాడు, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడు, హీరోగారి చిన్నతనం, అందరూ ఈవిడే. తెలుగుదేశమంతా ఆ గొంతు విని కళ్ళు తుడుచుకుంది. కృష్ణానగర్ కూరగాయల బండి దగ్గర మాత్రం ఒక్కడూ పోల్చుకోడు.

"బావుంది మేడం. కానీ ఇంకొంచెం ఏడుపు కావాలండీ," అన్నాడు అద్దం అవతల్నించి విహారి. డబ్బింగ్ డైరెక్టరు, కుర్రవాడు, మర్యాదస్తుడు. "పిల్లాడు మొదటిసారి వాళ్ళమ్మకి చెప్పుకుంటున్నాడు కదా. గుండె పిండెయ్యాలి."

"అక్కడ ఆ బాబు ఏడవట్లేదు కదండీ."

"వాళ్ళకి అలా సరిపోతుందండీ. మనవాళ్ళకి ఏడిస్తేనే ఎక్కుతుంది."

సరే, ఏడిచింది. ఏడవడం ఆవిడకెంతసేపు! అది కూడు పెట్టిన విద్య. కానీ పెదాలకి మాట కూచుంటే ఏడుపు చాలలేదన్నారు, ఏడుపు చాలితే మాట జారిందన్నారు. అలా పొద్దుణ్ణించీ అదొక్క సీనే నలుగుతోంది. విదేశీ సీరీసు అది. ఒక చిన్న ఊరు, ఊరంతా దేవుడిలా చూసే ఫాదరు, ఆయన చేతుల్లో చితికిపోయిన పిల్లలు. 'మీరు క్యాథలిక్కే కదా మేడం, మీరైతే కరెక్టుగా ఉంటుంది' అని పిలిచి మరీ ఇచ్చారు. కాదనడానికి ఆవిడకి కారణం దొరకలేదు. ఉన్న కారణం చెప్పేది కాదు.

టీ తాగుదామని బయటికొచ్చారు. సౌండ్ ఇంజనీరు హనుమంతు గ్లాసు పట్టుకుని మొదలెట్టాడు.

"పెండ్లి చేస్కోనియ్యకపోతే గిట్లనే ఐతది సార్. మనిషన్నంక కోరికలుండయా? కడుపు మాడిస్తే ఎవడైనా దొంగతిండికి పోతడు."

"దీనికీ పెళ్ళికీ సంబంధమేంటి?" విహారి ఒప్పుకోలేదు. "మా స్కూల్లో పీఈటీ మాస్టారికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. అయినా ఆయన గదివైపు వెళ్ళాలంటే మాకు వణుకొచ్చేది. ఆకలేసినవాడు అన్నం వెతుక్కుంటాడు గానీ పసిపిల్లల మీద పడతాడా?"

"మరి ఫాదర్లల్లనే గింత లొల్లి ఎందుకైతుంది?"

"ఒక ఊళ్ళో గొడవైతే ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ చేసి మూసిపెడతారు కాబట్టి. అక్కడ మళ్ళీ మొదలు. మీరు చెప్పండి మేడం, వాళ్ళకి పెళ్ళిళ్ళు చేసుకోనిస్తే ఇది ఆగుద్దంటారా?"

"మాలో మంచి ఫాదర్లు కూడా ఉన్నారండీ," అందావిడ.

వాళ్ళడిగింది అది కాదు. అలాగని ఆవిడన్నది అబద్ధమూ కాదు. భర్త ఆస్పత్రిలో పోయిన రాత్రి తెల్లవార్లూ పక్కన కూచుని, పొద్దున్నే కాఫీ తెచ్చిచ్చిన ఫాదరొకాయన ఉన్నాడు. కానీ ఆ మాటని ఆవిడ గొడుగులా అడ్డం పెట్టుకుందని ఆవిడకే తెలిసింది, సిగ్గేసింది. గ్లాసు పెట్టేసి సంచిలో ఫోను తీసింది. నిన్న ఊర్నించి వచ్చి ఇంట్లో ఉన్న తమ్ముడు బాలశౌరి రెండుసార్లు చేశాడు. తిరిగి చేసింది.

"అక్కా, ఎప్పుడొస్తావు? ఆరింటికి బస్సు. ఎస్సార్ నగర్‌లో ఎక్కాలి."

"నాలుక్కల్లా ఇంట్లో ఉంటాలేరా. అన్నం తిన్నావా?"

"తిన్నా. నువ్వు వస్తన్నావుగా?"

"వస్తన్నా అన్నాగా!" అని కసిరింది. వెంటనే గొంతు తగ్గించి, "ఇక్కడ వీళ్ళు అంటన్నారు, ఫాదర్లకి పెళ్ళిళ్ళు చేస్తే ఈ గొడవలుండవంట," అంది, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

శౌరి నవ్వాడు. "ఆయనకి పెళ్ళి లేక కాదక్కా. ఆరోజు మనింట్లో నా మాట ఒక్కరు నమ్మినా ఆగిపోయేది." వెంటనే, "నిన్నని కాదులే," అన్నాడు.

నిన్నని కాదులే అన్నప్పుడు ఎవర్ని అన్నట్టో ఆవిడకి తెలియదా!

ఆరోజంటే, శౌరికి పదేళ్ళు, ఆవిడకి పదిహేను. కృష్ణకి ఆవలి గట్టున వాళ్ళ పల్లె. అక్కడ చర్చిని గుడి అనీ, ఫాదర్ని స్వాములవారు అనీ అంటారు. రాత్రి అమ్మా, పిల్లలిద్దరూ అన్నాలు తింటున్నారు. శౌరి గోంగూర పచ్చడి కలుపుకుంటూ, బడికి సెలవని చెప్పినట్టు చెప్పాడు: 'నేను రేపట్నించి గుడికి పోనమ్మా. స్వాములారు గదిలోకి పిలిచి గడియ పెడతన్నారు.' ఏడవలేదు, తలెత్తలేదు. అమ్మ ఎంగిలి చేత్తోనే చెంప ఛెళ్ళుమనిపించింది. 'స్వాముల్ని అంటావా, కళ్ళు పోతాయి! అంత బాధపడితే ఏడవ్వా నువ్వు? బలిపూజకి పొద్దున్నే లేవలేక కథలు!' మర్నాడు తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్వాములవారి ముందు నిలబెట్టి వచ్చింది. అమలోద్భవి కంచం వంక చూస్తూ కూచుంది. తమ్ముడు అబద్ధం చెప్పట్లేదని దానికి తెలుసు. పక్కలో వాడు నిద్రలో ఉలికిపడుతుంటే అప్పటికే చాలా రాత్రులు చూసింది.

ఆ వేసవిలోనే స్వాములవారు దానికి పట్నంలో మఠకన్యలు, అంటే సిస్టర్లు, నడిపే బోర్డింగులో సీటిప్పించారు, ఫీజు లేకుండా. అంతకుముందు క్రిస్మస్ నాటకంలో గొల్లపిల్లాడి మాటలు దానిచేత చెప్పించి, 'నీ గొంతులో వరముందే' అన్నది ఆయనే. సినిమావాళ్ళెవరికో ఉత్తరం రాసి హైదరాబాదు పంపింది ఆయనే. పెళ్ళి పూజ పెట్టింది ఆయన, ఆవిడ కూతురికి జ్ఞానస్నానమిచ్చింది ఆయన. ఆ సీటు ఆ నెలలోనే ఎందుకొచ్చిందని అమ్మ అడగలేదు. తనూ అడగలేదు. తిన్న ప్రతి ముద్దా అడగకపోవడంలోంచే వచ్చింది. ఇప్పుడు అడగాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

ఇంకో సంగతుంది, అది బయటివాళ్ళెవరికీ తెలియదు. మగపిల్లల వేషాలకి ఆవిడ పెట్టే గొంతు శౌరిది. పదేళ్ళప్పటి శౌరిది. ఒకసారి టీవీలో ఏదో సినిమా వస్తుంటే వాడు చూసి, 'ఇది నా గొంతు కదక్కా,' అన్నాడు. అంతే, మళ్ళీ ఎత్తలేదు. ఊళ్ళోనే మోటార్లు బాగుచేసుకుంటూ బతుకుతాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా మానేశారు.

ఆ స్వాములవారికి ఇప్పుడు ఎనభై దాటాయి, వయసైపోయిన ఫాదర్లుండే వృద్ధ గురువుల నిలయంలో ఉంటున్నారు. ఈ మధ్య ఊళ్ళో మరో ఇద్దరు నోరు విప్పితే, బిషప్పుగారు విచారణకి ముగ్గురితో కమిటీ వేశారు. రేపు పొద్దున్న శౌరి వంతు. ముందే ఫోన్‌లో అడిగారట, అప్పట్లో ఎవరికైనా చెప్పావా అని. చెప్పాను, అమ్మ పోయింది, అక్క ఉంది, అక్క వస్తుంది అన్నాడట. తనని తీసుకెళ్ళడానికే నిన్న వచ్చాడు. 'నువ్వేమీ తిట్టొద్దు, ఏడవొద్దు. వీడు ఆ రాత్రి చెప్పాడని ఒక్కమాట చెప్పక్కా, చాలు,' అన్నాడు.

ఒక్కమాట. జీవితమంతా మాటలు అమ్ముకుని బతికింది, ఒక్కమాటకి భయపడుతోంది. ఆ మాట చెప్తే తన బతుకులో తనదంటూ ఏం మిగులుతుంది?

మూడు దాటాక సీను ఓకే అయింది. ఏడుపు కుదిరింది, పెదాలూ కుదిరాయి. విహారి లేచి చప్పట్లు కొట్టాడు.

"సూపర్ మేడం! ఇంక మీరు బయల్దేరండి. నాలుగింటికి ఏదో పనుందన్నారుగా."

ఫిల్మ్ నగర్ నుంచి యూసుఫ్‌గూడకి ఎంత దూరం గనక? చెక్‌పోస్టు దగ్గర ఎంత ఇరుక్కున్నా నాలుక్కి ఇంట్లో ఉండొచ్చు. ఆవిడ హెడ్‌ఫోన్ తీసింది. తలుపు దాకా వెళ్ళింది. చెయ్యి తలుపు మీద వేసింది. వెనక్కొచ్చి మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"ఇంకొక్క టేకు తీసుకుందామా బాబూ? చివర్లో ఊపిరి సరిపోలేదు."

ఊపిరి సరిపోయింది. హనుమంతు వింతగా చూశాడు. విహారి మాత్రం పొంగిపోయి, "చూడవయ్యా హనుమంతూ, అదీ శ్రద్ధంటే!" అన్నాడు.

ఇంకొక్కటి అయింది. 'మొదట్లో తడబడ్డాను' అంది. ఇంకొకటి. 'అమ్మా అన్న దగ్గర కొంచెం ఎక్కువైంది' అంది. లేని తప్పులు వెతికి వెతికి పట్టుకుంది. గదిలో చల్లగా ఉంది, చీకటిగా ఉంది, ఇక్కడ తనని ఎవరూ ఏమీ అడగరు. వీళ్ళే పొమ్మంటున్నా పోలేని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఇంకొకటి అడిగింది.

మళ్ళీ రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. కుర్రాడు తలెత్తి తల్లి వంక చూశాడు. పెదాలు విప్పాడు.

"నేను రేపట్నించి గుడికి పోనమ్మా. స్వాములారు గదిలోకి పిలిచి గడియ పెడతన్నారు."

ఏడుపు లేదు, వణుకు లేదు. పచ్చడి కలుపుకుంటూ చెప్పినట్టే వచ్చింది. ఆవిడకి తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడు తెలిసి, స్టాండు గట్టిగా పట్టుకుంది.

"మేడం... లైను మారిపోయిందండీ," అన్నాడు విహారి. "పెదాలకి కూడా కూచోలేదు. ఏదో ఉంది గానీ, ఏడవకపోతే ఎవరూ నమ్మరండీ. ఇందాక ఓకే అయిందే ఉంచేద్దాం. హనుమంతూ, ఇది తీసెయ్."

"తీసేసిన సార్."

ముప్పై ఏళ్ళు పైబడి కడుపులో దాచిన మాట. అది తియ్యడానికి హనుమంతుకి ఒక మీట నొక్కితే సరిపోయింది.

బయటికొచ్చి గాజులు వేసుకుంది. ఫోన్‌లో శౌరి చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి చెయ్యలేదు. ఆటో ఎక్కింది. యూసుఫ్‌గూడలో ఇంటి మలుపు వస్తుంటే, శౌరికి సపోటాలంటే ఇష్టమని గుర్తొచ్చినట్టు ఆటో దిగిపోయింది. బండి దగ్గర నిలబడి ఒక్కొక్క కాయా నొక్కి చూసి, మెత్తనివి ఏరింది. బండివాడు విసుక్కున్నాడు. బస్సు వేళ దాటేదాకా ఏరింది.

ఇల్లుగలావిడ ఎల్లమ్మ గేటు దగ్గరే ఉంది.

"అర్ధగంట ఐతుందమ్మా నీ తమ్ముడు పోయి. రెండు మాట్ల బజారు దాంక పోయి చూసొచ్చిండు పాపం. తాళంచెవి నాకిచ్చిండు. ఏమన్న లొల్లయిందా?"

"అబ్బే, ఏం లేదమ్మా."

లోపలికి వెళ్ళి లైటు వేసింది. ఫోను మోగింది. శౌరే.

"బస్సు ఎక్కానక్కా. కంగారుపడతావని చేశా. పని తెమల్లేదా?"

"లేదురా. టేకుల మీద టేకులు..."

"పోనీలే. నేను ఆలోచించా. ఎవరికి చెప్పావని అడిగితే, ఎవరికీ చెప్పలేదనే చెప్తా. చెప్పానంటే అమ్మ పేరొస్తుంది, నీ పేరొస్తుంది. ఎందుకొచ్చిన గొడవ. నాకు తోచింది నేను చెప్పుకుంటాలే."

అలా చెప్తే వాణ్ణి ఎవరు నమ్ముతారు? వద్దురా, నేను చెప్తానురా, అనాలి. ఆవిడ నోరు తెరిచింది. అవతల ఎవరో టికెట్టు అడుగుతున్నారు. "ఉంటానక్కా, తిని పడుకో," అని పెట్టేశాడు.

ఎస్సార్ నగర్‌లో తొమ్మిదింటికి ఇంకో బస్సుంది. ఆ తర్వాత ఇంకోటుంది. ఏదెక్కినా తెల్లవారేసరికి విచారణ జరిగే చోటికి చేరొచ్చు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. సపోటాల సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. వీధిలో చీకటి పడింది, ఎల్లమ్మ గేటు వేసుకుంది, పై వాటాలో టీవీ మొదలైంది. ఆవిడ లేవలేదు.

మంచం మీద ఆవిడ ప్రయాణానికి శౌరి సర్దిపెట్టిన చేతిసంచి ఉంది, జిప్పు సగమే వేసి: రెండు చీరలు, ఒక తువ్వాలు, బీపీ మాత్రలు, అన్నిటికన్నా పైన, బస్సులో ఏసీ గాలికి గొంతు పట్టెయ్యకుండా, జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టిన ఎర్ర ఉన్ని మఫ్లరు.