నిన్న ఈ ఫోను పట్టుకున్న మనిషి

"ఆఫీసులో పొద్దస్తమానం ఫోన్లు నొక్కుతావు కదే, ఇంటికొచ్చి మళ్ళీ ఆడి ఫోనెందుకు నీకు?" అంది నూకరత్నం, బీరకాయల చెక్కు తీస్తున్న కోడలి వైపు చూడకుండానే.

జగదాంబ ఇంకో బీరకాయ అందుకుంది. విజయనగరంలో ఉన్న అమ్మతో రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేస్తానని మొగుణ్ణి అడిగింది, అంతే. వరహాలబాబు అద్దంలోంచే "చార్జింగ్ లేదు, సాయంత్రం చూద్దాంలే" అని ఫోను చొక్కా జేబులో వేసుకున్నాడు.

అత్తగారన్న దాంట్లో అబద్ధం లేదు. బేగంపేట ఆఫీసులో జగదాంబ పని ఫోన్లు నొక్కడమే. వెబ్ పేజీలు పెద్ద కంప్యూటర్ల కోసం తయారవుతాయి. వాటిని అగ్గిపెట్టంత తెరల మీద తెరిచి, ఎక్కడ అక్షరం విరుగుతోందో, ఎక్కడ బొమ్మ రావడం లేదో, ఏ మీట నొక్కితే పేజీ మాయమవుతోందో రాసి పెట్టాలి. పది రకాల ఫోన్లు. సాయంత్రం ఆరింటికి అటెండరు జంగయ్య బీరువా తాళాలు ఆడించుకుంటూ వస్తాడు. "మేడం, ఫోన్లన్నీ లోపట పెట్టిన్రా? ఒక్కటి తక్కువైనా నాకే పరేషాన్" అంటాడు. పదీ అప్పజెప్పి, ఖాళీ చేతులతో రైలెక్కి చిలకలగూడ చేరుతుంది. నీకూ ఒకటి కొందామా అని వరహాలబాబు అనకపోలేదు, పెళ్ళయిన కొత్తలో. తర్వాత ఆలోచించి, "పగలు ఆఫీసులో ఉంటావు, సాయంత్రం ఇంట్లో ఉంటావు, మధ్యలో నీకు ఫోనెందుకు?" అన్నాడు. నిజమేననిపించింది అప్పుడు. ఆ మధ్యలో కూడా తను ఉంటుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అసలు గొడవ మూడు వారాల కిందటి ఆదివారం మొదలైంది. శ్రీకాకుళం నుంచి ఆడపడుచు కుటుంబం వచ్చింది. పదకొండు మందికి వంట. అందరూ తిని, తాంబూలం వేసుకుని, ఫ్యాను కింద ఎక్కడివాళ్ళక్కడ ఒరిగాక జగదాంబ గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, మంచం మీదున్న మొగుడి ఫోను తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుంది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. ప్రకటనల పేజీ ఒకటి తెరిచి, ఒక్కో అక్షరానికీ మూడేసి సార్లు మీట నొక్కుతూ "మహిళల హాస్టల్, బేగంపేట" అని కొట్టింది. ఒక బొమ్మ వచ్చింది. కిటికీ పక్కన మంచం. తాళంచెవి వేలాడుతున్న చిన్న బీరువా. వెళ్ళిపోదామని కాదు. మోండా మార్కెట్లో కొనే ఉద్దేశం లేకపోయినా ఇత్తడి సెమ్మె చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేయడం లేదూ, అలాగ. చూసి మూసేసింది. ఫోను ఎక్కడిదక్కడ పెట్టేసి, నాలుగింటికి అందరికీ టీ పెట్టింది.

మర్నాడు వరహాలబాబు తన పాత స్కూటరు అమ్మకానికి పెడదామని అదే పేజీ తెరిచాడు. పేజీ మర్యాదగా గుర్తుచేసింది: మీరు చివరిసారి వెతికినది, మహిళల హాస్టల్, బేగంపేట. అతను దాన్ని గట్టిగా చదివాడు, వాళ్ళమ్మ ఎదుట.

"ఏటిది?" అంది నూకరత్నం.

"మా ఆఫీసులో ఆలిస్ చెల్లెలికండీ, ప్రిసిల్లా అని. చూసి పెట్టమంది" అంది జగదాంబ. అంత నున్నగా అబద్ధం వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక వేళ, అన్నంలో చెయ్యి పెట్టాకో, చెప్పులేసుకుంటూనో, "ఏమేయ్, ప్రిసిల్లాకి హాస్టల్ దొరికిందా?" అని అడగడం వరహాలబాబుకి అలవాటైంది. తిట్టడు, అరవడు. నవ్వుతూ అడుగుతాడు. నూకరత్నం అయితే ఒకసారే అంది, చింతపండు పిక్కలు తీస్తూ: "హాస్టళ్ళలో పెళ్ళయినోళ్ళని ఉంచుతారేటే?" జగదాంబ పొయ్యి మంట తగ్గించింది.

ఆ వారంలోనే ఆఫీసులో పాల్ ఒక కాగితాల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పాల్ ఆమె టీముకి పెద్ద, మెత్తని మనిషి. ఏ కంపెనీ ఫోనులోనైనా, ఎంత చిన్న తెర మీదైనా వెబ్ పేజీలు సరిగ్గా తెరుచుకోవాలంటే ఎలా రాయాలో, ప్రపంచమంతటికీ ఒకే రకం నియమాలు తయారు చేస్తున్న సంఘం ఒకటుంది. ఆ నియమాల ముసాయిదా అది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. రాసిన ప్రతి మనిషికీ సంఘం జవాబు చెప్పి తీరాలి, అదీ అందరూ చూసేలా, వెబ్‌లో, పేరుతో సహా. ఈ చివరి మాట జగదాంబ రెండుసార్లు చదివింది. ఎవరు రాసినా జవాబు చెప్పాలట. ఎనిమిదేళ్ళ కాపురంలో కూరలో ఉప్పు గురించి తప్ప తన మాటకి తిన్నగా జవాబు వచ్చిన రోజు ఏదైనా ఉందేమోనని ఇంటికెళ్ళే రైల్లో వెతుక్కుంది. స్టేషను వచ్చేసింది గానీ అలాంటి రోజు దొరకలేదు.

ముసాయిదాలో ఒక నియమం ఇలా ఉంది: ఫోను మీటలతో అక్షరాలు కొట్టడం కష్టం గనక, మనిషి ఒకసారి కొట్టినదాన్ని పేజీ గుర్తుపెట్టుకుని, మళ్ళీ వచ్చినప్పుడు తనంతట తానే చూపించాలి. అందరూ బాగుందని టిక్కు పెట్టి పంపేశారు. జగదాంబకి మాత్రం వేలు కదలలేదు. తనకొచ్చిన మామూలు ఇంగ్లీషులో రాసింది: నిన్న ఈ ఫోను పట్టుకున్న మనిషే ఇవాళ పట్టుకుందని ఎందుకనుకుంటున్నారు? ఇల్లంతటికీ ఒకే ఫోను ఉండొచ్చు. గుర్తుపెట్టుకునే ముందు అడగండి. చెరిపేయమంటే చెరిపేసే మార్గం అదే పేజీలో పెట్టండి.

నాలుగో రోజుకి జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. ఫోను అనేది సొంత వస్తువు, ఎవరిది వారి దగ్గరే ఉంటుంది, ఈ ఇబ్బంది నిజంగా ఎవరికైనా కలిగిందా? గురువారం సంఘం ఫోనులో సమావేశమవుతుంది, మీ టైము ప్రకారం రాత్రి ఏడున్నర, మీరే వచ్చి చెప్పండి, నిజమైన ఉదాహరణ లేకపోతే ఈ అభ్యంతరాన్ని మూసేస్తాం. సమావేశంలో మాట్లాడినదంతా మర్నాడు వెబ్‌లో పెడతాం.

"మన సంగతులెందుకు, ఒక పల్లెటూరి రైతు అని చెబుదాం. వాళ్ళకి అలాంటివే ఎక్కుతాయి" అన్నాడు పాల్.

"ఎందుకు పాల్, మా ప్రిసిల్లా లేదూ?" అంది ఆలిస్. జరిగినదంతా ఆమెకొక్కత్తెకే తెలుసు. "జగదాంబ ఒకసారి వాడేసింది, ఇంకోసారి వాడుకోమను. మెట్టుగూడలో సొంతిల్లు పెట్టుకుని హాస్టల్ వెతికే పిల్ల పాపం!"

జగదాంబ కూడా నవ్వింది. కానీ జవాబులోని చివరి వాక్యం, అంతా మర్నాడు వెబ్‌లో పెడతామన్నది, మళ్ళీ చదివింది. వరహాలబాబుకి ఒక సరదా ఉంది. ఆదివారాలు నెట్ సెంటరుకి వెళ్ళి చుట్టాల పేర్లు ఒక్కొక్కటే కొట్టి, ఎవరి గురించి ఏం వస్తుందో చూస్తాడు. "నీ పేరు కొడితే వైజాగ్ జగదాంబ సెంటరొచ్చిందే, బస్సులాగుతాయట" అని ఇంటికొచ్చి ఊరందరికీ చెప్పాడొకసారి. వచ్చే ఆదివారం కొడితే ఏమొస్తుంది?

గురువారం పొద్దున దేవుడి దగ్గర దీపం వెలిగించి, అప్పన్న పటం ముందు చాలాసేపు నిలబడింది. సింహాద్రి అప్పన్న ఏడాదికొక్కరోజే నిజరూపం చూపిస్తాడు, మిగతా రోజులన్నీ చందనం పూతే. ఆ పూత ఎందుకు స్వామీ అని చిన్నప్పుడు నాన్నని అడిగితే, ఆయన ఉగ్రం మనం తట్టుకోలేమమ్మా అన్నాడు. చేతులు జోడించే ఉంది గాని జగదాంబకి ఇవాళ వేరే అనుమానం వచ్చింది. నీకైతే ఆ ఒక్కరోజైనా ఉంది తండ్రీ, లక్షమంది వరసకట్టి వస్తారు. తట్టుకోలేరని ఇంట్లో మనిషి ముఖానికి రోజూ పూసుకుంటే, లోపలి మనిషి ఉందని ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నం ఆఫీసు ఫోనులోంచి వరహాలబాబుకి చెప్పింది, రావడం తొమ్మిదవుతుందని.

"దీపాల వేళకి ఇంట్లో లేకపోతే అమ్మ ఊరుకుంటుందా? నీ బదులు ఆ పాల్‌నే మాట్లాడమను."

"రాసింది నేనండీ. నేనే చెప్పాలి."

"ఫోన్లు నొక్కే ఉద్యోగానికి ఇంత బిల్డప్పా?" అని నవ్వి, "ప్రిసిల్లాని అడిగానని చెప్పు" అని పెట్టేశాడు.

ఏడున్నర దాకా జగదాంబ కుదురుగా కూర్చోలేదు. నీళ్ళు తాగింది, వరండాలో అటూ ఇటూ తిరిగింది, వాష్‌రూమ్‌కి వెళ్ళి ముఖం కడుక్కుని బొట్టు దిద్దుకుంది. సమావేశం గదిలో బల్ల మధ్యన స్పీకరు. ఒకవైపు పాల్, ఒకవైపు ఆలిస్. దూరదేశాల గొంతులు ఒక్కొక్కటే తమ పేర్లు చెప్పుకున్నాయి. ఎవరో ప్రతి మాటా టైపు చేస్తున్నట్టు మీటల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఆమె వంతు వచ్చింది. పాల్ ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు. "రైతు, ఊళ్ళో ఒకే ఫోను" అని రాసి ఉంది.

జగదాంబ దాన్ని చదివి పక్కన పెట్టింది.

"ఒక ఇంట్లో ఒకే ఫోను ఉంది. అది భర్తది" అని మొదలుపెట్టింది ఇంగ్లీషులో. "భార్య ఆయనకి తెలియకుండా అందులో ఒకటి వెతికింది. మర్నాడు పేజీ దాన్ని ఆయనకి చూపించింది. ఆయన ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు."

"ఊహించి చెబుతున్నారా, జరిగిందా?" అడిగింది ఒక మగ గొంతు.

"జరిగింది. సికింద్రాబాదులో. మూడు వారాలైంది."

"ఏం వెతికిందో చెప్పగలరా?"

"ఆడవాళ్ళ హాస్టల్" అంది. ఆలిస్ బల్ల కింద ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

అటువైపు మీటల చప్పుడు ఆగింది. తర్వాత ఆ గొంతే, ఇందాకటికన్నా నెమ్మదిగా, అడిగింది: "మేము రాసేది రేపు అందరూ చదువుతారు. తన సంగతి ఇక్కడ చెప్పడానికి ఆవిడ ఒప్పుకుందా? అది కనుక్కోకుండా రాయలేం."

పాల్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఆమె చూసింది.

"ఒప్పుకుంది" అంది జగదాంబ. "ఇప్పుడే ఒప్పుకుంది. ఆవిడ నేనే."